ఆ కిట్ కొనొచ్చు, ఆ కథకి మాత్రం ఇప్పుడే డబ్బులివ్వకండి

నమస్తే అండి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఈమధ్యే పోయిన ఒక డ్రమ్మర్ ఇంట్లోవాళ్లు ఆయన పాత లడ్విగ్ కంపెనీ డ్రమ్ కిట్ అమ్ముతున్నారు. బ్లాక్ ఆయిస్టర్ పెర్ల్ ర్యాప్ (డ్రమ్ముల పైన అతికించే సుడుల రంగు తొడుగు), కాలితో వాయించే 22 అంగుళాల బేస్ డ్రమ్, దాని పైన ఉండే 13 టామ్, నేల మీద నిలబెట్టే 16 ఫ్లోర్ టామ్, ఒక మెటల్ స్నేర్ (అడుగున తీగలుండే చిన్న డ్రమ్ము). 1964లో ఒక పేరున్న బ్యాండ్ టూర్‌లో వాయించింది ఇదే కిట్ అని, ఆ బ్యాండ్ డ్రమ్మరే తర్వాత దీన్ని పెద్దాయనకి ఇచ్చాడని చెబుతున్నారు. బేస్ డ్రమ్ ముందు హెడ్ (డ్రమ్ముకి బిగించే పల్చటి పొర) మీద సంతకం కూడా ఉంది. ఇలాంటి కిట్‌కి మామూలుగా పలికే ధరకి మూడింతలు అడుగుతున్నారు. డ్రమ్ముల మీద సీరియల్ నంబర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని మీ అనుమానం. కొన్నాక పాత ర్యాప్ పీకేయించి, కొత్తది వేయించి, మెరిసేలా చేసుకుని వాయించాలని మీ ఆశ.

నేను ముప్పై ఏళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. అందులో సగం కాలం పాత డ్రమ్స్ బాగు చేసే పని కూడా చేశాను. కథ విని మురిసిపోయి కిట్ కొన్న అనుభవమూ ఉంది, అది కింద చెబుతాను. నా సలహా ముందే చెప్పేస్తున్నా: కిట్ ఒళ్లు బాగుంటే కొనండి, కానీ దానికి ఏ కథా లేదనుకుని లెక్కగట్టి కొనండి. కథకి అదనంగా ఇవ్వాలంటే దానికి సాక్ష్యం డ్రమ్ములోనో కాగితం మీదో కనబడాలి. ర్యాప్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.

సీరియల్ నంబర్ల గురించి మీరు బెంగపడక్కర్లేదు. లడ్విగ్ కీస్టోన్ బ్యాడ్జీల (డ్రమ్ము మీద బిగించే కంపెనీ పేరు బిళ్లల) మీద నంబర్లు వేయడం మొదలైంది 1963 చివర్లో. ఫ్యాక్టరీలో ఆ బ్యాడ్జీలు డబ్బాల్లో కుప్పగా ఉండేవి. పనివాడి చేతికి ఏది తగిలితే అది బిగించేవాడు. ఒకేరోజు ఒకే పెట్టెలో బయటికెళ్లిన నాలుగు డ్రమ్ముల నంబర్లు వేలల్లో తేడాగా ఉండటం మామూలే. పైగా అవి తేదీ వరసలో కూడా నడవవు. నంబరు చూసి "ఇది ఫలానా నెలలో తయారైంది" అని ఎవరైనా ఖరారుగా చెబితే నవ్వి ఊరుకోండి. ఆ పట్టికలన్నీ ఉజ్జాయింపు లెక్కలే. నిజానికి నాలుగు నంబర్లూ వరసగా ఉంటేనే నేను కాస్త దగ్గరికెళ్లి చూస్తాను, ఎవరైనా బ్యాడ్జీలు మార్చారేమోనని.

నంబరు మరో రకంగా పనికొస్తుంది. ఎవరైనా "ఇది 1961లో కొన్నది" అని చెప్పి, బ్యాడ్జి మీద నంబరు ఉందనుకోండి, ఆ రెండూ కుదరవు. అలాగే నీలం, ఆలివ్ రంగుల బ్యాడ్జి వచ్చింది 1969 నుంచే. అది ఉన్న డ్రమ్ము 1964 టూర్‌కి వెళ్లే అవకాశమే లేదు. షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్లు) లోపలి రంగు కూడా చూడండి. 1968 ప్రాంతం వరకు లోపల తెల్ల పెయింటు వేసేవారు. ఆ తర్వాత పెయింటు మానేసి, చెక్క కనబడేలా క్లియర్ పూత వేశారు. అంటే ఎవరి మాటా వినకముందే కిట్ తన వయసు తానే సుమారుగా చెప్పేస్తుంది.

ఇప్పుడు ఆ బ్లాక్ ఆయిస్టర్ సంగతి. అమ్మేవాళ్లు బీటిల్స్ పేరు ఎత్తలేదని మీరు రాశారు. కానీ ఆ ర్యాప్ చూడగానే ఎవరికైనా బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టారే గుర్తొస్తాడు కాబట్టి ఇది చెప్పాలి. రింగో 1963లో లండన్‌లోని డ్రమ్ సిటీ అనే షాపులో ఆ రంగు లడ్విగ్ కిట్ తీసుకున్నాడు. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ షో అనే టీవీ కార్యక్రమంలో బీటిల్స్ వాయించడం అమెరికాలో 7 కోట్ల మందికి పైగా చూశారు. ముందు హెడ్ మీద లడ్విగ్ పేరు కొట్టొచ్చినట్టు కనబడింది. ఆ దెబ్బతో షికాగోలోని ఆ ఫ్యాక్టరీకి ఊపిరాడలేదు. బడి పిల్లల దగ్గర్నుంచి హోటల్ బ్యాండ్ల దాకా అందరికీ అదే కిట్ కావాలి. అందుకే 1964 నుంచి 1967 దాకా తయారైన లడ్విగ్ కిట్లు ఈరోజుకీ బాగానే దొరుకుతాయి. మంచి డ్రమ్స్, అందులో సందేహం లేదు. అరుదైనవి మాత్రం కావు.

రింగో మొదటి బ్లాక్ ఆయిస్టర్ కిట్ 2015లో వేలానికి వచ్చింది. 20 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఎడ్ సలివన్ షోలో కనబడిన ఆ ముందు హెడ్డు ఒక్కటే విడిగా ఇంకో 20 లక్షలు దాటింది. ఆ వేలంలో నాకు ఆసక్తిగా అనిపించింది ధర కాదు. కిట్‌తో పాటు స్నేర్ రాలేదు. రింగో దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. పాత కిట్ చూడ్డానికి వెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. డ్రమ్మర్ కిట్‌ని అమ్మేస్తాడు, అప్పిస్తాడు, ఎక్కడో వదిలేస్తాడు. స్నేర్‌ని మాత్రం చంకన పెట్టుకుని వెళ్తాడు. కాబట్టి కిట్ కథ నిజమే అనుకున్నా, దానితో వచ్చిన స్నేర్‌కి ఆ కథ వర్తిస్తుందని అనుకోవద్దు. ఇంకొకటి, రింగో వాడిన ఆ రంగు కిట్ కూడా ఒక్కటే కాదు. టూర్లు చేసే డ్రమ్మర్ల దగ్గర ఒకేలాంటివి రెండు మూడు ఉండేవి. "ఫలానా వాళ్ల కిట్" అనగానే, వాటిలో ఏది అని అడగాల్సిందే.

మీ కిట్‌లో ఉన్న మెటల్ స్నేర్ బహుశా లడ్విగ్ సుప్రఫోనిక్ మోడల్ అయ్యుంటుంది. 1960ల మొదట్లో దానికి ఇత్తడి షెల్ మీద క్రోమ్ వేశారు, 1963 ప్రాంతం నుంచి అల్యూమినియం షెల్. అయస్కాంతం రెండింటికీ అంటుకోదు, దానితో తేల్చలేరు. చేత్తో ఎత్తి చూడండి, ఇత్తడిది బరువు. అల్యూమినియం మీద క్రోమ్ సరిగ్గా పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ చిన్న చిన్న పొక్కులు లేచి రాలిపోతుంది. షెల్ మీద అమ్మవారు పోసినట్టు మచ్చలుంటే అది అల్యూమినియం అని అర్థం. మోతకి దానివల్ల నష్టమేమీ లేదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

ఇక నా కథ. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాగే ఒక లడ్విగ్ కొన్నాను. అమ్మినాయన దాన్ని ఫలానా పెద్ద డ్రమ్మర్ 1964 పర్యటనలో వాయించాడని, వెళ్లేటప్పుడు ఇక్కడే వదిలేశాడని చెప్పాడు. ఆయన చెప్పే తీరు ఎంత బాగుందంటే, నేను బేరం కూడా ఆడలేదు. ఇంటికి తెచ్చి ఫ్లోర్ టామ్ పై హెడ్ విప్పాను. హెడ్‌ని బిగించే ఎనిమిది రాడ్లు తీసి, దాన్ని పట్టి ఉంచే హూప్ (రింగు) పక్కన పెట్టి, లోపలికి టార్చ్ కొట్టాను. తెల్ల పెయింటు మీద ఎర్ర సిరాతో కొట్టిన తేదీ ముద్ర, కాస్త వంకరగా. 1966 మార్చి. నేను కొన్న కథ పుట్టిన రెండేళ్లకి ఆ డ్రమ్ము పుట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు కోపంతోనే బేస్ డ్రమ్ విప్పాను. లోపల, స్పర్ బ్రాకెట్ (డ్రమ్ము కాళ్లు బిగించే చోటు) పక్కన, పెన్సిల్‌తో రాసిన తేదీల వరస. పద్నాలుగు తేదీలు, ఒకదాని కింద ఒకటి. మొదటిది 1966 నవంబరు, చివరిది 1977. ప్రతి తేదీ పక్కనా ఒకే అక్షరం. అదేమిటో తెలియడానికి నాకు వారం పట్టింది. కొత్త హెడ్ వేసిన ప్రతిసారీ ఎవరో ఓపిగ్గా రాసుకున్న లెక్క అది. ఎవరా మనిషి అంటే ఈరోజుకీ తెలీదు. పదకొండేళ్ల పాటు ఏ హాల్లోనో రాత్రులు వాయించుకున్న పేరులేని డ్రమ్మర్. ఆ కిట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ పెన్సిల్ రాతల మీద వేలు కూడా పడనివ్వను. అయితే ఆ రాతలకి నేను అదనంగా డబ్బులివ్వలేదు, లేని పర్యటనకి ఇచ్చాను. ఆ మంట వేరు.

అందుకే మీరు చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక డ్రమ్ కీ (రాడ్లు తిప్పే తాళంచెవి), మంచి టార్చ్, మెత్తటి గుడ్డ తీసుకెళ్లండి. "హెడ్ విప్పి లోపల చూడొచ్చా?" అని ముందే ఫోన్‌లో అడగండి. ఒప్పుకోకపోతే వెళ్లడమే దండగ. ఆ కాలపు లడ్విగ్ షెల్స్‌లో చాలావాటికి లోపల ఎర్ర సిరా తేదీ ఉంటుంది, అన్నిటికీ ఉండాలని లేదు. ఉంటే అది షెల్ తయారైన తేదీ. అమ్మకం అంతకన్నా వారాల తర్వాతో నెలల తర్వాతో జరిగి ఉంటుంది. నాలుగింటి తేదీలు కొన్ని నెలల తేడాలో ఉంటే ఇబ్బంది లేదు. ఒకటి 1964, మరొకటి 1967 అయితే అది తర్వాత జతచేసిన కిట్. ముద్ర లేనంత మాత్రాన అనుమానించకండి. గీకేసినట్టో, పైన కొత్త పెయింటు వేసినట్టో ఉంటే మాత్రం అనుమానించండి.

లోపల చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. ఫ్యాక్టరీ వేసిన రంధ్రాలు అంచు నున్నగా ఉంటాయి, లోపలివైపు పెయింటు పెచ్చు లేచి ఉండదు. తర్వాత ఎవరో డ్రిల్‌తో వేసినవైతే చుట్టూ చెక్క పేళ్లు లేచి తెలిసిపోతాయి. టామ్ మౌంట్ మార్చారా, సింబల్ స్టాండ్ బిగించారా, మైకు కోసం రంధ్రం పెట్టారా చూడండి. 1970ల్లో కింది హెడ్లు తీసేసి వాయించడం ఒక ఫ్యాషన్. తీసేసిన హూప్‌లు, రాడ్లు చాలామంది పారేశారు. అందుకే టామ్‌ల కింది హూప్ పై హూప్‌తో సరిపోలుతోందో లేదో చూసుకోవాలి. లగ్‌ల (రాడ్లు దిగే లోహపు గూళ్ల) లోపల స్ప్రింగు చప్పుడు చేయకుండా పాతవాళ్లు దూది కుక్కేవారు, అది కనబడితే తీసేయకండి. ఒకసారి ఒక లగ్‌లోంచి మడిచిన సిగరెట్ పెట్టె అట్టముక్క బయటికొచ్చింది. దాని మీది బొమ్మను బట్టి ఆ డ్రమ్ము ఏ దశకంలో ఏ దేశంలో తిరిగిందో తెలిసింది.

సంతకం గురించి నేను కటువుగానే చెబుతాను. హెడ్ అనేది చెప్పుల్లాంటిది, అరిగితే మారుస్తారు. హెడ్ మీద సంతకం ఉందంటే, ఆయన ఆ హెడ్ మీద సంతకం పెట్టాడని మాత్రమే అర్థం. ఎక్కడో వేదిక వెనక అభిమాని ఒకడు కొత్త హెడ్ పట్టుకెళ్లి సంతకం చేయించుకుని, ఇంటికొచ్చి తన కిట్‌కి తగిలించుకోవచ్చు. దాంట్లో మోసం కూడా లేదు పాపం. యాభై ఏళ్ల తర్వాత ఇంట్లోవాళ్ల నోట అదే "ఆయన కిట్" అయిపోతుంది. హెడ్ మీద కంపెనీ ముద్ర ఏ కాలానిదో చూడండి. 1964 కథకి 1980ల ముద్రతో హెడ్ ఉంటే సంతకం అసలుదే అయినా కథకి పనికిరాదు. ఒకవేళ హెడ్ కూడా ఆ కాలపుదే అయితే, దాన్ని తీసి విడిగా భద్రపరిచి, వాయించడానికి వేరేది వేసుకోండి. ఎండ తగిలితే ఇంకు ఎగిరిపోతుంది.

మరి సాక్ష్యమంటే ఏమిటని అడుగుతారు. అన్నిటికన్నా గట్టిది ఫొటో. మీకు కలిసొచ్చే విషయం ఏమిటంటే, బ్లాక్ ఆయిస్టర్ లాంటి పెర్ల్ ర్యాప్‌లో ఆ తెల్లటి, బూడిదరంగు సుడులు ఏ రెండు డ్రమ్ముల మీదా ఒకేలా పడవు. వేలిముద్ర లాంటివి. పాత టూర్ ఫొటోల్లో బేస్ డ్రమ్ పక్క భాగం స్పష్టంగా కనబడేది ఒక్కటి దొరికినా చాలు. బ్యాడ్జికి ఎడమవైపు ఉన్న తెల్ల చార ఎటు వంగింది, లగ్ కింద నల్లమచ్చ ఎలా ఉంది, ర్యాప్ అతుకు ఎక్కడొచ్చింది అని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మూడు చోట్ల సరిపోయి ఒక్కచోట తేడా వస్తే అది ఆ డ్రమ్ము కాదు. నెట్‌లో దొరికే చిన్న మసక ఫొటోలతో ఈ పని జరగదు, మనం చూడాలనుకున్నదే అందులో కనబడుతుంది. పత్రికల, ఫొటో ఏజెన్సీల దగ్గర పాత నెగెటివ్‌ల నుంచి తీసిన పెద్ద ప్రింట్లు అమ్మకానికి ఉంటాయి. మూడింతల ధర పెట్టేముందు ఒక ప్రింటు కొనడం పెద్ద ఖర్చేమీ కాదు.

తర్వాతి స్థానం కాగితాలది. కొన్నప్పటి బిల్లు, ఇన్సూరెన్స్ జాబితా, రిపేరు రసీదు, ఉత్తరాలు. దేశాలు దాటి టూర్లు చేసిన సామానుకి ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం ఉంటుంది. తీసుకెళ్లిన ప్రతి వస్తువూ, తిరిగి తెస్తామన్న హామీతో, అందులో వరసగా రాయాలి. నంబరున్న వస్తువుకి నంబరు కూడా వేస్తారు. అలాంటిది ఒక్కటి బయటపడితే సగం పని అయిపోయినట్టే. పెట్టెల మీద స్టెన్సిల్‌తో కొట్టిన బ్యాండ్ పేరు చూసి మాత్రం పొంగిపోవద్దు. పెట్టె వేరు, దాంట్లో ఉన్న డ్రమ్ము వేరు. ఆ పెట్టెల్లో ఈరోజు ఏ డ్రమ్మునైనా పెట్టొచ్చు.

"ఆయన వాయించాడు" అన్న మాటలో కూడా నాలుగు అర్థాలున్నాయి. సొంత కిట్ కావచ్చు. కంపెనీ ప్రచారం కోసం ఇచ్చింది కావచ్చు, అలాంటివి కొన్నిసార్లు కంపెనీ ఆస్తిగానే ఉండేవి. స్టూడియోలో ఎప్పుడూ బిగించి ఉండే కిట్ కావచ్చు. లేదా ఆ ఊరికి ఆ రాత్రికి అద్దెకి తెచ్చింది కావచ్చు. అద్దె కిట్ మీద ఒక్క రాత్రి మహానుభావుడు వాయించినా ఆ వాక్యం అబద్ధం కాదు. ధర విషయంలో మాత్రం సొంత కిట్‌కీ దానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు కాస్త ఓపిక పట్టండి. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, విన్నది చెబుతున్నారు. "ఫలానా ఆయన వాయించింది ఇదేనా అండి?" అని అడిగితే "అవును" అంటారు, అక్కడితో సరి. "ఈ కిట్ ఇంటికి వచ్చినరోజు మీకు గుర్తుందా? ఎవరు మోసుకొచ్చారు? అంతకుముందు ఆయన దేని మీద వాయించేవారు?" అని అడగండి. అలా అడిగితే, "అది మా పెద్దాడు పుట్టిన ఏడు, మెట్ల మీంచి పెద్ద డ్రమ్ము జారి ఇదిగో ఇక్కడ నొక్కు పడింది" లాంటి మాట వస్తుంది. ఆ నొక్కు చూడండి. ఉంటే ఆ మనిషి జ్ఞాపకం మీద మీకు నమ్మకం కుదురుతుంది. పాత ఆల్బమ్‌లు ఉన్నాయేమో అడగండి. పెళ్లి ఫొటోల్లో, పుట్టినరోజు ఫొటోల్లో వెనకాల మూలన డ్రమ్ములు కనబడుతుంటాయి. వాళ్లు ఒప్పుకుంటే ఆ మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంకో ఇరవై ఏళ్లకి మీరు అమ్మాల్సి వస్తే అదే మీ దగ్గరున్న మొదటి కాగితం.

అలాగే అమ్మే హక్కు ఎవరికుందో తేల్చుకోండి. వారసులు ముగ్గురుండి ఒకరే అమ్ముతుంటే, మిగతా ఇద్దరి సంతకాలు కూడా తీసుకోండి. బ్యాండ్ల వ్యాన్లలోంచి సామాను దొంగతనాలు ఎప్పుడూ ఉన్నవే. "ఆయన ఇచ్చేశాడు" అనే మాట వెనక ఒక్కోసారి "ఆయన తిరిగి అడగలేదు" అనే మాట ఉంటుంది.

ధర విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఆ సైజుల్లో, ఆ రంగులో, ఆ స్థితిలో ఉన్న కథ లేని కిట్లు ఈమధ్య నిజంగా ఎంతకి అమ్ముడుపోయాయో చూస్తాను. అడిగిన ధరలు లెక్కలోకి తీసుకోను, ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఆ ధర ఇప్పుడే ఇస్తానంటాను. ఏడాదిలోపు ఫొటో ద్వారానో కాగితం ద్వారానో కథ నిజమని తేలితే ఇంకా ఇంత ఇస్తానని రాసిస్తాను. నిజాయితీగా అమ్మేవాళ్లకి ఇందులో నష్టం లేదు, ఆల్బమ్ వెతకడానికి ఉత్సాహం కూడా వస్తుంది. నేను ఇలా రెండుసార్లు చేశాను. ఒకసారి అదనపు డబ్బు ఇవ్వాల్సి వచ్చింది, సంతోషంగా ఇచ్చాను.

ఇప్పుడు ఆ ర్యాప్. పైన చెప్పిన సుడులన్నీ దాని మీదే ఉన్నాయి. దాన్ని పీకేస్తే కథని రుజువు చేసే అన్నిటికన్నా గట్టి దారి మీ చేతుల్తో మీరే మూసేసినట్టు. కథ అబద్ధమైనా సరే, అసలు ర్యాప్ ఉన్న కిట్‌కీ కొత్తది అతికించిన కిట్‌కీ ధరలో చాలా తేడా ఉంటుంది. పీకేటప్పుడు షెల్ పైపొర కూడా లేచొచ్చే ప్రమాదముంది. ఇంకో సంగతి, పాత పెర్ల్ ర్యాప్‌లు చాలావరకు సెల్యులాయిడ్. దానికి నిప్పంటుకుంటే ఆగదు. హీట్ గన్‌తో ఊడదీయడం చూపించే వీడియోలు చూసి ఆ పని మొదలుపెట్టకండి. ఏళ్లు గడిచేకొద్దీ అది కుంచించుకుపోయి అతుకు దగ్గర సన్నటి సందు పడుతుంది, రంగు పసుపుకి తిరుగుతుంది. అది వయసు, జబ్బు కాదు. అసలు రంగు ఎలా ఉండేదో చూడాలనుంటే ఒక లగ్ విప్పి దాని కింద చూడండి.

శుభ్రం చేయడానికి తడి గుడ్డ, రెండు చుక్కల సబ్బునీళ్లు చాలు. స్పిరిట్ వాడొద్దు. ఈ మాట అనుభవంతో చెబుతున్నా. ఒకసారి ఒక పాత ముందు హెడ్ మీద మసి తుడవబోయి స్పిరిట్ రాశాను. మసి కింద చేత్తో రాసిన బ్యాండ్ పేరు ఉందని చూసుకోలేదు. గుడ్డ ఎత్తేసరికి మొదటి రెండు అక్షరాలు గుడ్డ మీదికొచ్చేశాయి. ఆ గుడ్డ చాలా రోజులు పారేయలేకపోయాను.

బేరింగ్ ఎడ్జ్‌లు (హెడ్ ఆనే షెల్ అంచులు) చూడ్డానికి నున్నటి గాజుపలక మీదో రాతి బల్ల మీదో షెల్‌ని బోర్లించి లోపల టార్చ్ పెట్టండి. అంచు కింద నుంచి వెలుతురు ఎక్కడ జారుతుందో అక్కడ పల్లం ఉన్నట్టు. కాస్త జారితే ఫర్వాలేదు, హెడ్ సర్దుకుంటుంది. ఆ కాలపు లడ్విగ్ అంచు గుండ్రంగానే ఉంటుంది. దాన్ని ఇప్పటి డ్రమ్ములా పదునుగా కోయిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. మూడు పొరల పల్చటి షెల్, అంచుల్లో బలం కోసం చెక్క రింగులు, ఆ గుండ్రటి అంచు, ఇవన్నీ కలిస్తేనే ఆ మెత్తటి, పొట్టి, గుమ్మనే మోత వస్తుంది. షెల్ గుండ్రంగా ఉందో లేదో చూడాలంటే హూప్ లేకుండా హెడ్ ఒక్కటే పెట్టి తిప్పండి. చులాగ్గా తిరగాలి. వేరే కంపెనీ పాత డ్రమ్స్ చూసేవాళ్లకి ఒక మాట: బ్రూక్లిన్ కాలపు గ్రెచ్ షెల్స్ కాస్త లావు, ఇప్పటి హెడ్లు బిగుతుగా పడతాయి. 1960ల చివరి దాకా వచ్చిన ప్రీమియర్ టామ్‌లలో కొన్నింటి కొలతే వేరు, ఈనాటి హెడ్లు అసలు పట్టవు. కొనకముందే ఒక హెడ్ పెట్టి చూసుకోండి.

వాయించుకోవచ్చా అంటే నిక్షేపంగా వాయించండి. పాత రాడ్లకి చుక్క నూనె వేసి, చేత్తో తిరిగినంత తిప్పి, తర్వాతే కీ పెట్టండి. బిర్రుగా ఉన్నదాన్ని బలంగా తిప్పితే లగ్ చిట్లుతుంది, అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. పల్చటి కోటెడ్ (పైన గరుకు పూత ఉన్న) హెడ్లు వేసి తక్కువ టెన్షన్‌లో మొదలుపెట్టండి. ఫ్లోర్ టామ్ ముడతలు పోయేంత బిగిస్తే చాలు, తనే పలుకుతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు ఒకదాంట్లో ఒకటి పెట్టొద్దు. తప్పకపోతే మధ్యలో దుప్పటి మడిచి పెట్టండి, లేకపోతే లోపలి డ్రమ్ము లగ్‌లు బయటి డ్రమ్ము లోపలి రాతల్ని గీకేస్తాయి. ఎండలో మూసిన కారులో వదిలి భోజనానికి వెళ్లకండి.

వెళ్లినప్పుడు ముందు ఫ్లోర్ టామ్ విప్పండి. పై హెడ్ తీసి, బ్యాడ్జికి ఎదురుగా ఉన్న గోడ మొదలుపెట్టి చుట్టూతా టార్చ్ తిప్పుతూ ఫొటోలు తీయండి. అలాగే బ్యాడ్జి చుట్టూ జానెడు మేర ర్యాప్‌ని ఫ్లాష్ లేకుండా, పక్క నుంచి వెలుతురు పడేలా ఒక ఫొటో. ఆ రెండూ ఇక్కడ పెట్టండి, ఎంతవరకు ఇవ్వొచ్చో అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.